పదునాఱేండ్ల ప్రాయము – పెద్దలు నేర్వదగిన పాఠములు

పిల్లకు పదుమూడవయేడు వచ్చుటతోడనే యింటిలోని మాటతీరు మాఱును. నిన్నటివరకు చెప్పిన పని చెప్పినట్లు చేసిన బాలిక నేడు ‘ఎందుకు?’ అని ప్రశ్నించును. ఆటపాటలతో నిల్లంతయు తిరిగిన బాలుడు గది తలుపు మూసికొని కూర్చుండును. తల్లి విసుగుకొనును, తండ్రి గద్దించును, అవ్వ ‘కాలము మాఱినది తల్లీ’ అని నిట్టూర్చును. ఈ ప్రాయమును మనవారు చిరకాలమునుండి యొక గండమువలెనే చూచుచున్నారు. ఈ నాలుగేండ్లు ఎట్లో గడచిన చాలునని వేల్పులకు మ్రొక్కు తల్లులును గలరు.

అయితే గత యేబది సంవత్సరములుగా మానవుల మెదడును పరిశోధించుచున్న శాస్త్రజ్ఞులు ఈ ప్రాయమును గుఱించి మనకు ధైర్యము కలిగించు సంగతులు చెప్పుచున్నారు. పండ్రెండు మొదలు ఇరువదియేండ్ల వఱకు గల కాలమున మెదడు పరిసరములకు దగినట్లు తన్నుదాను దిద్దుకొను శక్తి విశేషముగా కలిగియుండునట. ఆ దిద్దుబాటు ఎట్లు జరుగునో తెలిసికొన్న తల్లి పిల్లలపై కోపము కొంత తగ్గించుకొనును. వారిని జూచి తానును కొంత నేర్చుకొనును. కావున సోదరీమణులకు ఆ సంగతులను తెలియజేయ నెంచి యీ వ్యాసము వ్రాయుచున్నాను.

మెదడు దిద్దుకొను విధము

శిశువు జన్మించినపిమ్మట మెదడు మిక్కిలి వేగముగా పెరుగును. ఆఱేండ్లు వచ్చుసరికి దాని పరిమాణము పెద్దవారి మెదడు పరిమాణములో నూటికి తొంబది పాళ్లకు చేరును. అందుచే మెదడు పని బాల్యముతోనే ముగియునని పూర్వము పలువురు తలచెడివారు. 1979లో చికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన పీటర్ హుటెన్‌లాకర్ అను వైద్యుడు, మరణించిన వివిధ వయస్కుల మెదళ్లను పరీక్షించి, నాడీకణములు ఒకదానితో నొకటి కలిసికొను సంధులను లెక్కించెను. పసిబిడ్డల మెదడునందు ఆ సంధులు పెద్దవారికంటె నెంతో అధికముగా నుండుననియు, కౌమారము వచ్చుసరికి అవి తగ్గుననియు తేలినది.

1999లో అమెరికాయందలి జాతీయ మానసికారోగ్య సంస్థలో జే గీడ్ అను వైద్యుడును, ఆయన సహచరులును మఱియొక అడుగు ముందునకు వేసిరి. వారు 145 మంది బాలబాలికల మెదళ్లను ఎం.ఆర్.ఐ. యంత్రముతో చిత్రించి, వారిలో అనేకులను కొంతకాలము గడచిన పిమ్మట మఱల చిత్రించి సరిపోల్చిరి. నుదుటివెనుకనుండు లలాటభాగమునందలి ధూసరపదార్థము బాలికలకు సుమారు 11వ యేటను, బాలురకు సుమారు 12వ యేటను అత్యధికమై, పిమ్మట క్రమముగా తగ్గుచుండుట వారు కనుగొనిరి.

తగ్గుట యన్నమాట విని భయపడ నక్కఱలేదు. మన పెరటిలోని మల్లెపొదను తలచుకొందము. శీతకాలమున దాని కొమ్మలు కత్తిరింపకున్నచో తీగెలు విచ్చలవిడిగా ప్రాకునే కాని వేసవిలో పూలు చాలవు. కత్తిరించిన పొదయే బుట్టలకొలది పూచును. మెదడునందును ఆ విధముగనే జరుగుచున్నది. తఱచుగా వాడబడు సంధులు బలపడును, వాడబడనివి రాలిపోవును. అదే సమయమున నాడీతంతువుల చుట్టును మైలిన్ అను క్రొవ్వుపొర దట్టమగుచుండును. విద్యుత్తీగెకు రబ్బరు తొడుగు ఎట్టిదో నాడికి ఈ పొర యట్టిది. దానివలన వార్తలు అనేకరెట్లు వేగముగా పోవును.

ఏ కొమ్మను ఉంచవలెనో యేది తీయవలెనో తోటమాలి యెఱుగును. మెదడునకు ఆ తోటమాలి యెవరు? ఆ పిల్ల దినదినము చేయుపనియే. దినమునకు గంటసేపు వీణ సాధన చేయు బాలిక మెదడు ఆ మార్గమును బలపఱచును. లెక్కలు చేయుపిల్లకు లెక్కల మార్గము, నలుగురితో కలిసి మాటలాడు పిల్లకు ఆ నేర్పు బలపడును. దినమంతయు గద్దింపులు విని జడియుచుండు పిల్లకు ఆ జడుపును అభ్యాసమగును. పొగాకు, మద్యము మొదలగు దురభ్యాసములును ఈ ప్రాయమున తేలికగా పాతుకొనుటకు ఇదియు నొక కారణము. మంచికిని చెడ్డకును ద్వారము ఒక్కటియే యైనప్పుడు ద్వారముకడ నుండువారి బాధ్యత హెచ్చగును.

అభిమన్యుని చదువు

మెదడునందలి భాగములన్నియు ఒక్కమాఱుగా పండవు. చూపు, స్పర్శ, కదలిక మొదలగువానికి సంబంధించిన వెనుకటి భాగములు ముందుగా పండుననియు, యోచన, నిగ్రహము, ముందుచూపు మొదలగువానికి ఆధారమైన లలాటభాగము చివరను పండుననియు 2004లో ప్రకటింపబడిన పరిశోధన తెలుపుచున్నది. ఆ పని ఇరువదియైదేండ్ల ప్రాయము వఱకును సాగుచుండును. సంతోషము, ఉద్రేకము, క్రొత్తదానియందలి ఆశ మొదలగువానిని నడపు లోపలి భాగములు మాత్రము అంతకు ముందే మేల్కొనును.

భారతకథ యెఱిగిన సోదరీమణులకు ఇది అపరిచితము కాదు. అభిమన్యుడు పదునాఱేండ్ల బాలుడు. పద్మవ్యూహమును చీల్చుకొని లోనికి చొచ్చుట యెఱుగును, వెడలివచ్చుట యెఱుగడు. ఈ సంగతి అతడు ధర్మరాజుతో దాపఱికములేక ముందుగనే చెప్పెను. త్రోవచేసి నీవు నడువుము, మేము వెన్నంటి వత్తుమని పెద్దలు మాట యిచ్చిరి. సైంధవుడు అడ్డుపడగా వారు వెలుపలనే నిలిచిపోయిరి. బాలుని పరాక్రమమున లోపమేమియు లేదు. వెన్నంటి యుండవలసినవారు ఉండలేకపోయిరి. కౌమారమున చొచ్చువిద్య ముందును, వెడలువిద్య వెనుకను వచ్చుట ప్రకృతి నియమము. ఆ నడుమకాలమున పెద్దలు బాలుని చేయి కట్టివేయరాదు. వానిని ఒంటరిగా విడువను రాదు.

ఈ వెన్నంటియుండుట ఎందులకో తెలుపు పరిశోధన యొకటి 2005లో అమెరికాయందలి ఫిలడెల్ఫియా నగరమున జరిగినది. మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అను మనశ్శాస్త్రజ్ఞులు వివిధ వయస్కులచేత మోటారుబండి నడపు ఆట యాడించిరి. పదుమూడు మొదలు పదునాఱేండ్ల వఱకు గల పిల్లలు తోడివారు చూచుచున్నప్పుడు, ఒంటరిగా నున్నప్పటికంటె చాల అధికముగా సాహసించిరి. పెద్దవారియందు ఆ భేదము కానరాలేదు. ఆ పిల్లలకు అపాయము తెలియకపోలేదు. తోడివారి మెప్పు వారికి అపాయముకంటె పెద్దదిగా తోచినది. కావున మనయింటి బాలుడు బండి తాళము చేతబట్టుకొని బయలుదేరునప్పుడు ‘మెల్లగా నడుపుము’ అనుటతో సరిపెట్టక, వెంట నెవరు వచ్చుచున్నారో అడిగి తెలిసికొనుట ముఖ్యము.

వారియందలి నేర్పు

లోపములు చెప్పుట అందఱును చేయుపని. ఆ ప్రాయమువారికి పెద్దలకంటె అధికముగా గల నేర్పులను గుఱించి కూడ చెప్పవలెను.

2016లో అమెరికాయందలి పరిశోధకులు కొందఱు పదుమూడు మొదలు పదునేడేండ్ల వఱకు గల పిల్లలకును, ఇరువది ముప్పదియేండ్ల నడుమ గల పెద్దలకును ఒక ఆట పెట్టిరి. తెఱమీద నొక సీతాకోకచిలుక కనబడును. అది రెండు పూలలో దేనిమీద వ్రాలునో ఊహింపవలెను. ఊహించినవెంటనే అది సరియో తప్పో తెలియును. తప్పొప్పులవలన క్రమముగా నేర్చుకొనవలసిన ఈ యాటయందు పిల్లలే పెద్దలను మించిరి. జ్ఞాపకమునకు స్థానమైన భాగమును, బహుమానమునకు ఉప్పొంగు భాగమును వారి మెదడునందు పెద్దలకంటె గాఢముగా కలిసి పనిచేయుట చిత్రములందు కనబడినది. ‘భేష్’ అన్నమాటకై ఆశపడు స్వభావమే వారి చదువునకు తోడ్పడుచున్నదన్నమాట.

2017లో కాలిఫోర్నియాయందలి ఆలిసన్ గోప్నిక్ మొదలగువారు మఱియొక చిత్రమైన విషయమును ప్రకటించిరి. యంత్ర మొకటి యెట్లు పనిచేయుచున్నదో కనుగొను సమస్యలో, అలవాటులేని సమాధానమునైనను సాక్ష్యమును బట్టి అంగీకరించుటయందు చిన్నపిల్లలు అందఱికంటె ముందుండిరి. మనుష్యులు ఒకవిధముగా ఏల ప్రవర్తించిరో కనుగొను సమస్యలో మాత్రము కౌమారవయస్కులే ముందుండిరి. పెద్దలు తాము మునుపు నమ్మినదానినే పట్టుకొని వ్రేలాడిరి. మనయిండ్లలో దీనిని దినమును చూచుచున్నాము. పనిమనిషి ఆలస్యముగా వచ్చినచో ‘దాని గుణమే అంత’ అని మనము తీర్పు చెప్పుదుము. ‘అమ్మా, నేడు వాళ్లయింట ఏమైనదో?’ అని అడుగునది పదునాలుగేండ్ల కూతురు.

భాషల విషయమునందును ఈ ప్రాయము విలువ గలదే. 2018లో ప్రకటింపబడిన పరిశోధన యొకటి సుమారు 6 లక్షల 70 వేలమంది ఇంగ్లీషు వ్యాకరణజ్ఞానమును పరీక్షించి, క్రొత్తభాషయొక్క వ్యాకరణమును పట్టుకొను శక్తి రమారమి పదునేడేండ్లు దాటువఱకు తగ్గకుండ నుండుననియు, పిమ్మట తగ్గుననియు చెప్పినది. పదియేండ్లలోపల రాని భాష ఇక రాదని నిరాశపడు తల్లులకు ఇది మంచివార్త.

ఆడుపిల్లల సంగతి

పదునాఱేండ్లు వచ్చిన కుమారుని మిత్రునివలె చూడుమని నీతికారులు చెప్పిరి. కుమార్తెను గుఱించియు ఆ మాటనే చెప్పుకొనుట మన వంతు. బాలుని చొచ్చువిద్యకు అనేక ద్వారములు తెఱచియుంచు ఇండ్లలోనే, ఆ వయస్సుననే బాలికకు ద్వారములు ఒక్కొక్కటిగా మూయుట చూచుచున్నాము. ఆట మాన్పింతురు, స్నేహితురాండ్ర యిండ్లకు పోవుట మాన్పింతురు, కొన్నిచోట్ల చదువును మాన్పింతురు. 1929 సంవత్సరపు శారదాచట్టము బాలికలకు కనీస వివాహవయస్సు 14 ఏండ్లని నిర్ణయించినది. 1978లో దానిని 18కి పెంచిరి. అయినను 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలనమున, 20–24 ఏండ్ల ప్రాయపు స్త్రీలలో 18 నిండకముందే వివాహమైనవారు ఆంధ్రప్రదేశమున నూటికి 29.3 మందియు, తెలంగాణమున 23.5 మందియు నుండిరి.

ఈ యంకెలను మెదడు సంగతితో కలిపి చదువుడు. ఏది వాడబడిన అది బలపడును, ఏది వాడబడకున్న అది రాలిపోవును. పదునైదేండ్ల బాలికచేత పుస్తకమును దింపించి, ప్రశ్నను మాన్పించి, తలవంచి యూరకుండుటను మాత్రమే అభ్యాసము చేయించినచో ఆమె మెదడు నిజముగనే ఆ పనికి దగినట్లు దిద్దుకొనును. పిమ్మట ఇరువదియైదవయేట ‘దీనికి నోరులేదు, లోకజ్ఞానము లేదు’ అని ఆమెనే నిందించుట ఏ న్యాయము?

ఆ ప్రాయమున ఆడుపిల్లకు పని అప్పగించినచో ఏమగునో మన దేశచరిత్రమే చెప్పుచున్నది. 1909లో జన్మించిన దుర్గాబాయి (పిమ్మట దుర్గాబాయి దేశ్‌ముఖ్) చిన్ననాడే హిందీ నేర్చి బాలికలకొఱకు హిందీపాఠశాల నడపెను. 1923లో కాకినాడయందు కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు పదునాలుగేండ్ల ఆమెను ఖద్దరు ప్రదర్శనశాలకడ స్వచ్ఛందసేవికగా నియమించిరి. టిక్కెట్టులేనివారిని లోనికి పోనీయరాదని ఆమెకిచ్చిన ఆజ్ఞ. జవహర్‌లాల్ నెహ్రూ టిక్కెట్టులేక రాగా ఆమె ఆయననును నిలిపెను. టిక్కెట్టు కొన్నపిమ్మటనే లోనికి విడిచెను. బాల్యవివాహపు బంధమును తొలగించుకొని, పెద్దయైనపిమ్మట మెట్రిక్యులేషను మొదలు న్యాయశాస్త్రమువఱకు చదివి, 1937లో మద్రాసున ఆంధ్రమహిళాసభను స్థాపించి, రాజ్యాంగసభయందు సభ్యురాలైనది ఆమెయే. ద్వారముకడ నిలుచు బాధ్యతను పెద్దలు ఆ పిల్లచేతి కిచ్చిరన్న సంగతిని మనము మఱువరాదు.

నిద్రయు నాహారమును

మెదడునందు ఇంత పని జరుగునప్పుడు దానికి కావలసిన సామగ్రి మనమే సమకూర్పవలెను. ఈ విషయమున గృహిణి చేతిలో చాల గలదు.

పిల్లలు రాత్రి త్వరగా పండుకొనరనియు, తెల్లవాఱి లేవరనియు తల్లులందఱి మొఱ. ఇది కేవలము సోమరితనము కాదు. చీకటిపడినపిమ్మట నిద్ర తెప్పించు మెలటోనిన్ అను రసము కౌమారమున కొంత ఆలస్యముగా ఊరునని అమెరికాయందు మేరీ కార్స్‌కడన్ మొదలగువారి పరిశోధనలు తెలిపినవి. పదుమూడు మొదలు పదునెనిమిదేండ్ల వఱకు గలవారికి దినమునకు 8 మొదలు 10 గంటల నిద్ర కావలెనని నిద్రావైద్యులు చెప్పుచున్నారు. పగలు నేర్చినది రాత్రి నిద్రలోనే స్థిరపడును. పరీక్షలకై తెల్లవాఱు నాలుగుగంటలకు లేపి చదివించుట తోటకు నీరు పెట్టి గట్టు తెగగొట్టుటవంటిది. పడకగదిలో సెల్‌ఫోను లేకుండ జేయుడు. అయితే తల్లిదండ్రుల ఫోనులును ఆ సమయమున ముందుగదిలోనే యుండవలెను. లేకున్న మాట సాగదు.

ఆహారమున ఇనుము ముఖ్యము. రక్తము ప్రాణవాయువును మోయుటకును, పైని చెప్పిన మైలిన్ పొర యేర్పడుటకును అది కావలెను. పైని పేర్కొన్న పరిశీలనమందే భారతదేశమున 15–19 ఏండ్ల బాలికలలో నూటికి 59.1 మంది రక్తహీనులని తేలినది. ‘చదివినది తలకెక్కదు’ అని మనము కసరుకొను పిల్ల శరీరమున రక్తమే చాలదేమో! తోటకూర, మునగాకు, సజ్జలు, పప్పులు, తినువారికి మాంసము, చేపలు తఱచుగా పెట్టుడు. భోజనముతోడ నిమ్మరసమో ఉసిరికాయ పచ్చడియో యున్నచో ఇనుము చక్కగా ఒంటబట్టును. అన్నము తినినవెంటనే కాఫీ, టీలు త్రాగిన ఒంటబట్టదు. బడిలో వారమునకొకటి యిచ్చు ఇనుప మాత్రను పిల్ల మ్రింగినదో పాఱవేసినదో అడుగుడు. మిగిలిన కూర మగపిల్లలకును, మాడిన అడుగు ఆడుపిల్లకును పెట్టు ఆచారమున్న యింట అది నేటితో నిలిచిపోవుగాక.

పిల్ల పలుదినములు తిండి మాని, నిద్ర మాని, ఎవరితోను మాటలాడక విచారముగా నున్నచో ‘వయస్సు’ అని ఊరకుండరాదు. మనోవ్యాధులలో అనేకము ఈ ప్రాయముననే తలసూపును. వైద్యునికి చూపుటలో అవమానమేమియు లేదు. 2022లో ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ అను సేవవారికి 14416 అంకెకు ఫోను చేసినను సలహా చెప్పుదురు.

పెద్దలు నేర్వదగినది

ఇక మన సంగతి. ‘ముప్పది దాటినవారికి క్రొత్తచదువు రాదు’ అని పలుకుట స్త్రీలకు పరిపాటియైనది. ఇది నిజము కాదు. లక్నో నగరసమీపమునందలి పల్లెలలో చదువెఱుగని పెద్దలకు, వారిలో మిక్కిలిమంది ముప్పదియేండ్ల ప్రాయపు స్త్రీలకు, ఆఱుమాసములు హిందీ చదువను వ్రాయను నేర్పి, అంతకుముందును పిమ్మటను వారి మెదళ్లను చిత్రించిరి. ఆ ఫలితములు 2017లో ప్రకటింపబడినవి. కన్నులు చూచినదానిని గ్రహించు పైభాగములతో, మెదడు లోతులనున్న మిక్కిలి పురాతన భాగములు పూర్వముకంటె పొందికగా పనిచేయుట వారు చూచిరి. మన గ్రామములవంటి గ్రామములలో, మనవంటి స్త్రీల మెదడు, ఆఱునెలలలో మాఱినది! కౌమారమున ఈ మార్పు సులభము; పిమ్మట కొంత కష్టము; అసాధ్యము మాత్రము ఎన్నడును కాదు. అభ్యాసము విడిచినచో వచ్చిన మార్పు వెనుకకు పోవుననునది మాత్రము అన్ని వయస్సులకును సమానమే.

అట్లయిన పిల్లలవలె మనమేల నేర్చుకొనలేకున్నాము? వారు నేర్చుకొను తీరును గమనింపుడు. ఇంటికి క్రొత్త సెల్‌ఫోను తెచ్చినచో అవ్వ దానిని పాడగునేమోయని ముట్టదు. మనుమరాలు పదిమాఱులు నొక్కును, తొమ్మిదిమాఱులు తప్పుచేయును, పదవమాఱు నేర్చును. ఆ తొమ్మిది తప్పులే ఆమె చదువు. మనకు బుద్ధి కొఱవడలేదు. నలుగురిలో తప్పుచేయుటకు సిగ్గు అడ్డుపడుచున్నది. మొదటి పాఠము ఇదియే.

రెండవది, ఫలితము చూచి వెంటనే త్రోవ మార్చుకొనుట. నిన్న గద్దించిన పిల్ల మాట వినలేదు, నేడును గద్దించితిమి, రేపును గద్దింతుము. సీతాకోకచిలుక ఆటలో ఓడిన పెద్దలకును మనకును భేదమేమి? మూడవది, ఎదుటివారి ప్రవర్తనకు మనమెఱిగిన కారణము కాక మఱియొక కారణముండునేమోయని ఒక్కనిమిషము యోచించుట. అత్తాకోడండ్ర నడుమ, తోడికోడండ్ర నడుమ ఎన్ని కలహములు ఈ ఒక్క నిమిషముచే ఆఱిపోవును!

నాలుగవది, తోడుగా నేర్చుట. భండారు అచ్చమాంబ (1874–1905) పసితనముననే వివాహితురాలై, బడికి పోయి చదువుకొన్నది కాదు. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావు ఆమెయింట నుండి చదువుకొను దినములలో ఆమెయు ఆయనతో కూర్చుండి తెలుగు, హిందీ, మరాఠీ మొదలగు భాషలు నేర్చెను. అక్కయై యుండియు తమ్మునికడ నేర్చుటకు ఆమె సిగ్గుపడలేదు. ఆ చదువుతోడనే ‘అబలాసచ్చరిత్ర రత్నమాల’ను రచించి తెలుగుస్త్రీలకు తలమానికమైనది. కుమారస్వామి ప్రణవార్థము చెప్పగా తండ్రియైన పరమశివుడే చెవియొగ్గి విన్నట్లు పురాణకథ గలదు. ఆ కథను విని మ్రొక్కు మనము, మనయింటి కుమారుడు చెప్పునప్పుడు చెవి మూసికొననేల?

పిల్లలకు లేనిది మనకును గలదు. ఓర్పు, మాటల సంపద, ముందువెనుకలు చూచు వివేకము వయస్సుతో వచ్చునవి. వారు చొచ్చువిద్య మనకు నేర్పుదురు. మనము వెడలువిద్య వారికి నేర్పుదము. ఇందుకు పెద్ద యేర్పాటు లేమియు నక్కఱలేదు. వారమున కొకదినము, భోజనములైన పిమ్మట, పిల్లలకు తెలిసి మనకు తెలియని సంగతి యొకటి వారిచేత చెప్పించుకొందము: బ్యాంకి లెక్క ఫోనులో చూచుటయో, వారు పాఠశాలలో చదివిన శాస్త్రపాఠమో, ఒక ఇంగ్లీషు వాక్యమో ఏదైనను సరే. వారు గురువులై కూర్చుండునప్పుడు మన తప్పులను వారు దిద్దనీయుడు. తప్పు దిద్దించుకొను తల్లిని జూచిన పిల్లకు, తాను తప్పుచేసిన దినమున తల్లికడకు వచ్చి చెప్పుటకు భయముండదు. పద్మవ్యూహమున చిక్కిన దినమున ఆమె వెనుదిరిగి చూచినచో, వెన్నంటి యున్న తల్లి కనబడవలెను.